ఇంట్లో ఫైళ్లు, ప్రింటర్ షేర్ కావట్లేదా? ఏది ముందు చూడాలి, ఏది తర్వాత

షేరింగ్ పని చేయకపోతే చాలామంది ముందు ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని ఆపే కాపలా) ఆపేస్తారు. అప్పటికీ కాకపోతే పాస్‌వర్డ్ రక్షణ తీసేస్తారు, ఫోల్డర్‌కు ‘ఎవరీవన్’ పేరిట పూర్తి అనుమతులిచ్చేస్తారు, ఎక్కడో చూసిన రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) మార్పు కూడా చేసేస్తారు. తీరా షేరింగ్ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు. మళ్లీ పోయిన రోజు కథ మొదటికొస్తుంది. నిజానికి చూడాల్సినవి ఐదే: దారి ఉందా, తలుపు తెరిచి ఉందా, పేరు దొరుకుతోందా, ఖాతా చెల్లుతోందా, అనుమతి ఉందా. ఈ వరుస తప్పకుండా చూడండి. ప్రింటర్ జోలికి ఆ ఐదూ కుదిరాకే వెళ్లండి.

ఇక్కడ చెప్పేదంతా విండోస్ 10, 11 గురించి. ఫైళ్లు గానీ ప్రింటర్ గానీ ఉన్నదాన్ని ‘ఇచ్చే కంప్యూటర్’ అనీ, వాటిని వాడుకోవాలనుకునేదాన్ని ‘అడిగే కంప్యూటర్’ అనీ అందాం. కమాండ్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. ఇంకో మాట: పాత వ్యాసాల్లో కనిపించే ‘హోమ్‌గ్రూప్’ కోసం వెతక్కండి. 2018లో వచ్చిన విండోస్ 10 1803 వెర్షన్‌తోనే దాన్ని తీసేశారు.

దారి ఉందా?

రెండు కంప్యూటర్లలోనూ ‘సెట్టింగ్స్’లో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’ తెరిచి, పైన కనిపించే కనెక్షన్ ‘ప్రాపర్టీస్’లోకి వెళ్లి ‘ఐపీవీ4 అడ్రస్’ కాగితం మీద రాసుకోండి. మామూలు ఇంట్లో అయితే మొదటి మూడు అంకెలూ రెండింటిలో ఒకటే ఉండాలి. ఒకటి 192.168.29.14, రెండోది 192.168.29.22 అయితే సరే. ఏదైనా 169.254తో మొదలైతే ఆ కంప్యూటర్‌కు రూటర్ నుంచి అడ్రస్సే రాలేదని అర్థం. కేబుల్ గానీ వైఫై గానీ తీసి మళ్లీ కలపండి, రూటర్‌ను ఒకసారి ఆపి వేయండి. అడ్రస్ వచ్చేదాకా ముందుకు వెళ్లినా లాభం లేదు.

మూడో అంకె తేడాగా ఉంటే, అంటే ఒకటి 192.168.29.14, ఇంకొకటి 192.168.0.105 అయితే, చాలావరకు మీ ఇంట్లో రెండు రూటర్లు ఉన్నట్టే. పై అంతస్తుకు సిగ్నల్ అందట్లేదని ఫైబర్ కంపెనీ ఇచ్చిన పెట్టెకు ఇంకో రూటర్ తగిలించిన చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ఇంటర్నెట్ రెండు చోట్లా హాయిగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దీన్ని పట్టిచ్చే గుర్తు ఒకటుంది: రెండో రూటర్ కింద ఉన్న లాప్‌టాప్ నుంచి మొదటి రూటర్ కింద ఉన్న కంప్యూటర్ అడ్రస్‌తో తెరుచుకుంటుంది, అటు నుంచి ఇటు మాత్రం ఎంతకీ రాదు. రెండో రూటర్ తన కింద ఉన్నవాటిని బయటికి పంపుతుంది, బయటి నుంచి వచ్చేవాటిని ఆపుతుంది. అందుకే ఒకవైపే నడుస్తుంది.

ఇది సరిచేయడానికి రెండో రూటర్‌ను ‘యాక్సెస్ పాయింట్’ పద్ధతిలోకి మార్చాలి. దాని సెట్టింగ్స్‌లో ‘ఆపరేషన్ మోడ్’ అని ఉంటే అక్కడే ఒక్క నొక్కుతో అయిపోతుంది. లేకపోతే చేత్తో చేయాలి:

1. రెండో రూటర్ సొంత అడ్రస్‌ను మొదటి రూటర్ వరుసలోకి తెండి. మొదటిది 192.168.29.1 అయితే దీనికి 192.168.29.2 ఇవ్వండి. ఆ నంబర్ మొదటి రూటర్ వేరేవాటికి పంచకుండా దాని డీహెచ్‌సీపీ పరిధి (అది తనంతట తాను పంచే అడ్రస్‌ల వరుస) బయట ఉంచండి.
2. రెండో రూటర్‌లో ‘డీహెచ్‌సీపీ సర్వర్’ ఆపేయండి.
3. మొదటి రూటర్ నుంచి వచ్చే కేబుల్‌ను ‘వ్యాన్’ రంధ్రంలోంచి తీసి, మామూలు ‘ల్యాన్’ రంధ్రంలో పెట్టండి.

మూడోది మరిచిపోతే మొదటి రెండూ చేసి ఉపయోగం లేదు. కేబుల్ మార్చాక కంప్యూటర్లను ఒకసారి వైఫై ఆపి కలిపితే కొత్త అడ్రస్‌లు వస్తాయి.

అడ్రస్‌లు ఒకే వరుసలో ఉన్నా దారి మూసుకుపోయే సందర్భాలు ఇంకో రెండున్నాయి. ఒకటి గెస్ట్ వైఫై. అందులో ఉన్నవాటికి ఇంటర్నెట్ తప్ప ఇంట్లో ఇంకేదీ కనిపించదు, దాన్ని పెట్టిందే అందుకు. రూటర్‌లో ‘ఏపీ ఐసొలేషన్’ లేదా ‘క్లయింట్ ఐసొలేషన్’ అనే మీట వేసి ఉన్నా అంతే. 2.4, 5 గిగాహెర్ట్జ్ వైఫైలు వేర్వేరు పేర్లతో ఉంటే మాత్రం కంగారు పడక్కర్లేదు, అవి రెండూ ఒకే నెట్‌వర్క్. రెండోది వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి. ఆఫీసు లాప్‌టాప్‌లో వీపీఎన్ నడుస్తుంటే ఇంటి నెట్‌వర్క్ దారి మొత్తం ఆఫీసు వైపు మళ్లి ఉండొచ్చు. ఆపి చూడండి. ఆఫీసు వాళ్లే షేరింగ్‌కు తాళం వేసి ఉంటే దానితో కుస్తీ పట్టకండి, పెన్‌డ్రైవో మెయిలో నయం.

ఇచ్చే కంప్యూటర్ నిద్రపోతే షేరింగ్ కూడా పోతుంది. ‘పది నిమిషాల క్రితం బాగానే ఉంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. పవర్ సెట్టింగ్స్‌లో చార్జర్‌కు పెట్టి ఉన్నప్పుడు ‘స్లీప్’ను ‘నెవర్’గా మార్చండి. స్క్రీన్ ఆరిపోయినా ఇబ్బంది లేదు.

తలుపు తెరిచి ఉందా?

విండోస్ కొత్త నెట్‌వర్క్‌ను సాధారణంగా ‘పబ్లిక్’గానే లెక్క వేస్తుంది. అలా ఉన్నంతసేపూ ఫైర్‌వాల్ షేరింగ్‌ను రానివ్వదు. ఇందాక అడ్రస్ చూసిన ‘ప్రాపర్టీస్’ పేజీలోనే ‘ప్రైవేట్ నెట్‌వర్క్’ ఎంచుకోండి. ఇది మీ ఇంటి వైఫైకి మాత్రమే. అమీర్‌పేట హాస్టల్లోనో పీజీలోనో వైఫై అందరిదీ, అక్కడ ‘పబ్లిక్’గానే ఉంచండి.

తర్వాత అదే విభాగంలో ‘అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’, అందులో ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్’. ప్రైవేట్ నెట్‌వర్క్స్ కింద ‘నెట్‌వర్క్ డిస్కవరీ’, ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’ రెండూ ఆన్ చేయండి. విండోస్ 10లో ఇదే పేజీ కంట్రోల్ ప్యానెల్‌లోని ‘నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్’లో ఉంటుంది. ‘పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్’ ఆన్‌లోనే ఉండనివ్వండి. దాన్ని ఆపమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఆపినా కలిసిరాదు. కారణం కింద వస్తుంది.

ఇప్పుడు పరీక్ష. అడిగే కంప్యూటర్‌లో పవర్‌షెల్ తెరిచి ‘టెస్ట్-నెట్‌కనెక్షన్’ అనే కమాండ్ టైపు చేసి, పక్కన ఇచ్చే కంప్యూటర్ అడ్రస్, ఆ పక్కన గీతతో కలిపి ‘పోర్ట్’, ఆ తర్వాత 445 ఇవ్వండి (Test-NetConnection 192.168.29.14 -Port 445 అన్నట్టు). చివరి వరుసలో ‘ట్రూ’ వస్తే దారీ తలుపూ రెండూ తెరిచి ఉన్నట్టే. ఫైల్ షేరింగ్ నడిచేది ఈ 445 పోర్ట్ మీదే. ‘ఫాల్స్’ వస్తే ఇచ్చే కంప్యూటర్‌లో విడిగా వేసిన యాంటీవైరస్ ఏమైనా ఉందేమో చూడండి. వాటిలో కొన్నిటికి సొంత ఫైర్‌వాల్ ఉంటుంది, మీరు విండోస్‌లో ప్రైవేట్ అని మార్చినా వాటిలో పబ్లిక్‌గానే ఉండిపోవచ్చు.

పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని అడిగే కమాండ్) కొట్టి చూడడం అందరికీ అలవాటే, కానీ దాన్ని పూర్తిగా నమ్మకండి. పింగ్‌కు జవాబు రాకపోయినా 445 తెరిచి ఉండొచ్చు, పింగ్ వచ్చినా 445 మూసి ఉండొచ్చు. ఫైర్‌వాల్‌లో వాటి నిబంధనలు వేరు.

పేరు దొరుకుతోందా?

విండోస్ మీటనూ ‘ఆర్’నూ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో \\192.168.29.14 అని ఇచ్చే కంప్యూటర్ అడ్రస్ ఇవ్వండి. తర్వాత అడ్రస్ బదులు దాని పేరు పెట్టి చూడండి. ఏది ఎందుకు పని చేయట్లేదో ఈ రెండిటి మధ్య తేడాయే చెప్పేస్తుంది.

రెండిటికీ తెరుచుకోక, 80070035 అనే అంకెతో ‘నెట్‌వర్క్ పాత్ దొరకలేదు’ అంటే, ఇంకా దారి దగ్గరే ఆగి ఉన్నారు, వెనక్కి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే సంతోషించండి: దారి, తలుపు, పేరు అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఖాతా ఒక్కటే తేలాలి. అడ్రస్‌తో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే అది పేరు సమస్య.

పేరు 15 అక్షరాలు దాటకుండా, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీతతోనే, ఖాళీలు లేకుండా ఉండాలి. ఇంట్లో రెండు కంప్యూటర్లకు ఒకే పేరు ఉండకూడదు. ఒకే షాపులో ఒకే డిస్క్ నకలు వేయించుకున్న కంప్యూటర్లకు ఇది తరచుగా ఉంటుంది. పేరు ‘సెట్టింగ్స్ → సిస్టమ్ → అబౌట్’లో మార్చి రీస్టార్ట్ చేయాలి.

ఇక ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘నెట్‌వర్క్’ మీద నొక్కితే కంప్యూటర్ కనిపించకపోవడం. అక్కడ కనిపించకపోయినంత మాత్రాన షేరింగ్ పోలేదు. ఆ జాబితా వేరే సర్వీసుల మీద ఆధారపడుతుంది. స్టార్ట్‌లో ‘సర్వీసెస్’ అని వెతికి, రెండు కంప్యూటర్లలోనూ ‘ఫంక్షన్ డిస్కవరీ ప్రొవైడర్ హోస్ట్’, ‘ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్’ నడుస్తున్నాయో లేదో చూసి, రెండోదాన్ని ‘ఆటోమేటిక్’ చేయండి. ‘ఎస్‌ఎస్‌డీపీ డిస్కవరీ’ కూడా నడవాలి. అప్పటికీ జాబితాలో రాకపోతే వదిలేయండి. అడ్రస్‌తోనో పేరుతోనో తెరిచి, ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’ ఇస్తే ఆ జాబితా అవసరమే ఉండదు.

ఇక్కడే చాలామంది ఎస్‌ఎంబీ1 (ఫైల్ షేరింగ్‌కు వాడే పాత పద్ధతి) ఆన్ చేస్తారు, జాబితాలో పేర్లు కనిపిస్తాయని. వద్దు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై ప్రపంచమంతా పాకింది ఈ పాత ఎస్‌ఎంబీ1లోని లోపం పట్టుకునే, మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అదే ఏడాది వచ్చిన 1709 వెర్షన్ నుంచి విండోస్ దాన్ని ముందుగా వేసి ఇవ్వడం మానేసింది. ఏదో పాత టీవీ అదొక్కటే అడుగుతుంటే సినిమాలను డీఎల్‌ఎన్‌ఏ (టీవీలకు వీడియోలు పంపే పద్ధతి) ద్వారా పంపండి.

ఖాతా చెల్లుతోందా?

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. మీరు రోజూ లాప్‌టాప్ తెరిచే నాలుగంకెల పిన్ ఆ యంత్రానికే పరిమితం, నెట్‌వర్క్ మీద పనికిరాదు. ముఖం, వేలిముద్ర కూడా అంతే. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవాళ్లయితే పూర్తి ఈమెయిల్, దాని అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ పాస్‌వర్డ్ చాలామందికి గుర్తే ఉండదు. పాస్‌వర్డే పెట్టుకోని ఖాతాలదీ ఇదే గతి: ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న ఖాతాను విండోస్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే ఒప్పుకుంటుంది, నెట్‌వర్క్ మీద ఒప్పుకోదు.

అందుకని ఇచ్చే కంప్యూటర్‌లో షేరింగ్ కోసమే ఒక స్థానిక ఖాతా తెరవడం అన్నిటికంటే తేలిక. ‘సెట్టింగ్స్ → అకౌంట్స్ → అదర్ యూజర్స్’లో ‘యాడ్ అకౌంట్’ నొక్కండి. ఈమెయిల్ అడిగిన చోట, ఈ వ్యక్తి వివరాలు నా దగ్గర లేవు అనే లింకు, తర్వాత మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా జత చేయమనే లింకు ఎంచుకుని, చిన్న పేరు, గట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. ‘అడ్మినిస్ట్రేటర్’ చేయకండి, ‘స్టాండర్డ్’ చాలు.

అడిగే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ పెట్టె వచ్చినప్పుడు పేరు ఒక్కటే కాకుండా ముందు ఇచ్చే కంప్యూటర్ పేరు, వెనక్కి వాలిన గీత, ఆ తర్వాత ఖాతా పేరు ఇవ్వండి. కంప్యూటర్ పేరు లేకపోతే విండోస్ ఈ కంప్యూటర్‌లోని ఖాతా అనుకోవచ్చు. ‘రిమెంబర్’ మీద టిక్ పెట్టండి.

సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా మళ్లీ మళ్లీ అడుగుతుంటే, పాత పాస్‌వర్డ్ ఎక్కడో దాక్కుని ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో ‘క్రెడెన్షియల్ మేనేజర్’ తెరిచి, ‘విండోస్ క్రెడెన్షియల్స్’లో ఆ కంప్యూటర్ పేరుతోనూ అడ్రస్‌తోనూ ఉన్నవన్నీ తీసేయండి. ఒకే కంప్యూటర్‌కు ఒకేసారి రెండు ఖాతాలతో వెళ్లనివ్వదు కాబట్టి, తీసేశాక సైన్ అవుట్ అయి మళ్లీ రండి.

‘మీ సంస్థ భద్రతా విధానాలు గెస్ట్ ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయి’ అనే అర్థంతో సందేశం వస్తే, ఇంట్లో సంస్థ ఎక్కడిదని తల పట్టుకోకండి. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వెళ్లే పద్ధతిని విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి ఆపేశారు. ప్రతి ప్యాకెట్ మీదా సంతకం ఉండాలనే నియమం కూడా అప్పుడే వచ్చింది, గెస్ట్‌కు ఆ సంతకం కుదరదు. రూటర్‌కు తగిలించిన హార్డ్ డిస్క్, పాత నాస్ పెట్టెలు (నెట్‌వర్క్‌కు నేరుగా తగిలించే డిస్క్‌లు) ఒక్కసారిగా తెరుచుకోకుండా పోయింది ఇందుకే. విండోస్‌ను వెనక్కి మార్చడం కంటే ఆ పెట్టె సెట్టింగ్స్‌లోకి వెళ్లి యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టడం మేలు.

అన్నీ సరిగ్గా ఉన్నా 24హెచ్2 గానీ తర్వాతి వెర్షన్ గానీ ఉన్న రెండు కంప్యూటర్లు 2025 ఆగస్టు చివరి అప్‌డేట్ల తర్వాత ఒకదాన్నొకటి ఒప్పుకోకపోతే, డిస్క్ నకలు సంగతి మళ్లీ గుర్తు చేసుకోవాలి. రెండిట్లోనూ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘హూయామ్‌ఐ’, ఖాళీ, ముందుకు వాలిన గీతతో ‘యూజర్’ ఇవ్వండి (whoami /user). స్థానిక ఖాతాలో చూస్తే వచ్చే పొడుగాటి నంబర్‌లో చివరి ముక్క తప్ప మిగతాదంతా రెండిట్లో ఒకటే ఉంటే, అవి ఒకే నకలు నుంచి పుట్టినవి. ఆ అప్‌డేట్ల నుంచి అలాంటి జంటల మధ్య లాగిన్‌ను విండోస్ తిరస్కరిస్తోంది. దానికి మందు ఒకటే, ఒకదాంట్లో విండోస్ మొదటి నుంచి వేయించుకోవడం. ఈసారి నకలు వేయొద్దని షాపులో గట్టిగా చెప్పండి.

అనుమతి ఉందా?

కంప్యూటర్ తెరుచుకుని, ఫోల్డర్ మీద నొక్కితే ‘యాక్సెస్ డినైడ్’ అంటే అనుమతి లేదు. ప్రతి షేర్ ఫోల్డర్‌కూ అనుమతుల పట్టీలు రెండు: ‘షేరింగ్’ ట్యాబ్‌లో ఒకటి, ‘సెక్యూరిటీ’ ట్యాబ్‌లో ఒకటి. రెండిట్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో పూర్తి అధికారం ఇచ్చినా సెక్యూరిటీలో ఆ ఖాతా పేరే లేకపోతే లోపలికి రానివ్వదు. ఇందాకటి ఖాతాను రెండు చోట్లా జత చేయండి. చూస్తే చాలనుకుంటే ‘రీడ్’, ఫైళ్లు పెట్టాలంటే షేరింగ్‌లో ‘చేంజ్’, సెక్యూరిటీలో ‘మోడిఫై’. సి డ్రైవ్ మొత్తాన్నీ, మీ యూజర్ ఫోల్డర్‌నూ షేర్ చేయకండి. డి డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ పెట్టి దాన్నే ఇవ్వండి.

ఇప్పుడు ప్రింటర్

వైఫై ఉన్న ప్రింటర్ అయితే కంప్యూటర్ నుంచి షేర్ చేయనే వద్దు. ప్రతి కంప్యూటర్‌లోనూ నేరుగా జత చేసుకోండి, మధ్యలో ఇంకో యంత్రం మేల్కొని ఉండాల్సిన పని తప్పుతుంది. కరెంటు పోయి వచ్చాక అది ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తే, రూటర్ దానికి కొత్త అడ్రస్ ఇచ్చి ఉంటుంది. రూటర్ పేజీలో ‘అడ్రస్ రిజర్వేషన్’లో ప్రింటర్‌కు ఒక అడ్రస్ స్థిరం చేసి, ‘ప్రింటర్ ప్రాపర్టీస్ → పోర్ట్స్’లో ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్’ జత చేసి అదే అడ్రస్ ఇవ్వండి. ప్రింట్ వస్తున్నా ఆఫ్‌లైన్ అనే చూపిస్తుంటే అదే చోట ‘కాన్ఫిగర్ పోర్ట్’లో ‘ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్’ మీద టిక్ తీసేయండి.

యూఎస్‌బీ ఒక్కటే ఉన్నవి, మన ఇళ్లలోనూ జిరాక్స్ షాపుల్లోనూ ఇంకా చెక్కుచెదరకుండా నడుస్తున్న హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటివి, కంప్యూటర్ నుంచే షేర్ చేయాలి. ‘ప్రింటర్ ప్రాపర్టీస్ → షేరింగ్’లో టిక్ పెట్టి, షేర్ పేరు ఖాళీలు లేకుండా చిన్నగా ఇవ్వండి. అడిగే కంప్యూటర్‌లోనూ ముందే డ్రైవర్ వేసి ఉంచండి. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడ్డాక, షేర్ చేసిన ప్రింటర్ నుంచి డ్రైవర్ రావాలంటే అడ్మినిస్ట్రేటర్ అధికారం తప్పనిసరి చేశారు. ఇప్పటి చిక్కులు చాలావరకు అప్పటి అప్‌డేట్ల నుంచి వచ్చినవే.

చివర 11బి ఉన్న ఎర్రర్ వస్తే రెండిట్లో ఒకదానికి అప్‌డేట్లు లేవని అనుమానించండి. రెండిటికీ పూర్తిగా వేసి రీస్టార్ట్ చేయండి. రిజిస్ట్రీలో ఒక విలువ సున్నా చేస్తే ఇది పోతుందని చెబుతారు, నిజమే పోతుంది, దానితోపాటు ఆ అప్‌డేట్ ఇచ్చిన రక్షణ కూడా పోతుంది. చివర 709 వస్తే, ప్రింటర్‌ను అడ్రస్‌తో కలిపి ఉంటే పేరుతో కలిపి చూడండి. ఫైళ్లకు అడ్రస్ చాలు, ప్రింటర్‌కు పేరే నయం. అప్పటికీ రాకపోతే, అడిగేది విండోస్ 11 ప్రో అయితే గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో ‘అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్ → ప్రింటర్స్ → కాన్ఫిగర్ ఆర్‌పీసీ కనెక్షన్ సెట్టింగ్స్’ ఆన్ చేసి ‘నేమ్‌డ్ పైప్స్’ ఎంచుకోండి. 22హెచ్2 నుంచి విండోస్ 11 ముందుగా టీసీపీ దారిలో వెళుతుంది, పాత కంప్యూటర్లు పైపుల దారిలో వినడానికి అలవాటు పడి ఉంటాయి.

ఇవేవీ కుదరకపోతే, లేదా హోమ్ ఎడిషన్‌లో ఆ ఎడిటర్ లేకపోతే, ఎక్కువసార్లు గట్టెక్కించే దారి ఇది:

1. అడిగే కంప్యూటర్‌లో ఇచ్చే కంప్యూటర్‌ను పేరుతో ఒకసారి తెరిచి, పాస్‌వర్డ్ సేవ్ అయిందని చూసుకోండి.
2. ‘ప్రింటర్స్ అండ్ స్కానర్స్’లో ‘యాడ్ డివైస్’, కాసేపాగాక కనిపించే ‘యాడ్ మాన్యువల్లీ’, అందులో చేత్తో సెట్టింగ్స్ ఇచ్చే లోకల్ ప్రింటర్ ఎంపిక.
3. ‘క్రియేట్ ఎ న్యూ పోర్ట్’లో ‘లోకల్ పోర్ట్’ ఎంచుకుని, పోర్ట్ పేరుగా \\ కంప్యూటర్‌పేరు \ షేర్‌పేరు మధ్యలో ఖాళీల్లేకుండా ఇవ్వండి.
4. ముందే వేసిన డ్రైవర్‌ను జాబితాలో ఎంచుకోండి, పరీక్ష పేజీ తీయండి.

విండోస్ దీన్ని సొంత ప్రింటర్ కిందే లెక్కేస్తుంది, డ్రైవర్ కోసం అవతలి కంప్యూటర్‌ను అడగదు. కాబట్టి 11బి, 709 లాంటివి రావడానికి ఆస్కారమే ఉండదు.

ప్రింట్లు క్యూలో ఇరుక్కుని ‘డిలీటింగ్’ అంటూ కదలకపోతే, ఇచ్చే కంప్యూటర్‌లో ‘సర్వీసెస్’ తెరిచి ‘ప్రింట్ స్పూలర్’ ఆపండి. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లి లోపల ఉన్న ఫైళ్లన్నీ తీసేసి (ఫోల్డర్‌ను కాదు), స్పూలర్ మళ్లీ మొదలుపెట్టండి. అడిగే కంప్యూటర్‌లోనూ ఇదే చేయాల్సి రావచ్చు.

స్కానర్ కూడా ఉన్న యూఎస్‌బీ ప్రింటర్‌ను ఇలా షేర్ చేస్తే ప్రింట్ మాత్రమే వస్తుంది. స్కాన్ ఈ షేరింగ్‌లో రాదు. యూఎస్‌బీ తగిలించిన కంప్యూటర్‌లోనే స్కాన్ చేసి, ఇందాక డి డ్రైవ్‌లో పెట్టిన షేర్ ఫోల్డర్‌లో సేవ్ చేసుకుంటే మిగతా కంప్యూటర్ల నుంచి తీసుకోవచ్చు.